‘మూసే’ అన్న మాటకు నేను చెప్పిన అర్థం

నాలుక పడిపోయిన తరువాత మా బావకు లోకంలోని మాటలన్నింటిలో ఒక్కటే మిగిలింది. ఆ మాట ‘మూసే’. ఇంచుమించు ఏబది దినాలు ఆయన దానినే పలికాడు. అన్నం పెట్టినా అదే, దుప్పటి కప్పినా అదే, ఎవరూ ఏమీ చేయక ఊరకే కూర్చున్నా అదే. దానితో ఆయన ఏదో అడుగుతున్నాడని ఇంటిలో అందరమూ గ్రహించాము. ఏమి అడుగుతున్నాడో తేల్చే భారం నా మీద పడింది. పడిందనడం సత్యం కాదు, నేనే ఎత్తుకొన్నాను. అప్పటికి ఇరవై ఏండ్లుగా పాఠశాలలో వ్యాకరణం చెబుతున్నవాణ్ణి. పద్యాలలో దూరాన్వయాలను విడదీయగల నాకు రెండక్షరాల పదం ఒక గొప్పా అనుకొన్నాను. అర్థం చెప్పాను. ఆ అర్థం తప్పు. ఇన్నేండ్ల తరువాత ఆ తప్పును ఇక్కడ వ్రాసి పెడుతున్నాను. వ్రాసినందువల్ల బరువు తగ్గుతుందన్న ఆశ నాకు లేదు.

బావ అంటే మా అప్ప భర్త. మా వైపు అక్కను అప్ప అంటాము. ఆయనది బొబ్బిలి తాలూకాలో తరతరాలుగా వరీ, చోళ్లనే రాగులూ పండించుకొనే రైతు కుటుంబం. మాది విజయనగరాన్ని ఆనుకొన్న పల్లె, మావాళ్లూ రైతులే. రెండు ఇండ్లలోనూ నాగలి వదిలి పలక పట్టిన మొదటివాళ్లం మేమిద్దరమే. నేను సంస్కృతాంధ్రాలు చదివి తెలుగు పండితుణ్ణయ్యాను. ఆయన చరిత్ర చదివి, విజయనగరంలోనే వేరొక పాఠశాలలో చరిత్ర మాస్టరయ్యాడు. సాలూరు లారీలు నడిచే బాట మీద అద్దె ఇంటిలో కాపురం. ఆ ఇంటి వీధి గదికి రెండు పెద్ద కిటికీలుండేవి. లారీ పోయినప్పుడల్లా ఎర్రని ధూళి లోపలికి వచ్చి పుస్తకాల మీద వాలేది.

ఆ పుస్తకాలలో సగం ఫ్రెంచి సేనానుల చరిత్రలే. ఐరోపాను గడగడలాడించి చివరకు ఒక దీవిలో బందీగా కన్నుమూసిన చక్రవర్తి, దేవుడు చెప్పాడని సైన్యాన్ని నడిపి చితిలో కాలిపోయిన పల్లెపిల్ల, మన దేశంలో ఓడిపోయి స్వదేశానికి వెళ్తే అక్కడివారే తల నరికించిన దొర, గోదావరి ఇవతల చందుర్తి పొలాలలో ఇంగ్లీషువారి చేతిలో ఓడిపోయిన దొర, వీరందరూ ఆయనకు ఇరుగుపొరుగువారితో సమానం. అయితే ఆయన మనసంతా ఉన్నది ఒక్కని మీద. విజయనగరం రాజుగారి పక్షాన ఫిరంగులతో వచ్చి బొబ్బిలి కోటను ముట్టడించిన సేనాని అతడు. ఆ యుద్ధం ఏమయినదో ఈ ప్రాంతంలో పుట్టినవారికి నేను చెప్పనక్కరలేదు. కోటలోని ఆడవారూ పసివారూ బ్రతికి బయటపడలేదు.

మా రెండు కుటుంబాల నడుమ ఆ ఘోరం పరిహాసంగా మారి నిలిచిపోయింది. నేను గడప తొక్కితే చాలు, బావ మొదలుపెట్టేవాడు.

“ఏరా బామ్మర్దీ, మీవోళ్లు తెచ్చినోడే గదా మూసే దొర!”

“తెచ్చింది రాజులు బావా. మా తాత అప్పుడు మడిలో నారు తీస్తన్నాడు.”

“మా తాతా నారే తీస్తన్నాడు. ఆడి మడిలోంచే ఎల్లినాయి ఫిరంగులు.”

మూసే దొర అన్నది బావ పల్లెలో ముసలివారి మాట. పిల్లలు అన్నం తినకపోతే మూసే దొర వస్తాడని బెదిరించేవారట. ఆ పేరు పుట్టుకను ఆయనే నాకు వివరించాడు.

“ఫ్రెంచిలో ముస్యే అంతే అయ్యగారు అని. సిపాయిలు ముస్యే ముస్యే అంతంతే మనోళ్లు అదే ఆడి పేరనుకున్నారు. దానికి మళ్లీ దొర తగిలించీసినారు. అయ్యగారు దొర! పేరేటో తెలీకండానే రెండొందలేళ్లు తిట్టుకున్నాం సూడు.”

ఆయన ఒక గ్రంథం వ్రాస్తూ ఉండేవాడు. ఆ దొరకు మన భాష రాదు. కోటవారు ఏమి కబురు పంపినా, రాజుగారు ఏమి చెప్పినా, నడుమ ఒక దుబాసీ నోటి గుండానే అతని చెవిని చేరాలి. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసి, ఒకరి మాట ఇంకొకరికి చెప్పేవాడు. కోటవారి కబురుకు ఆ దుబాసీ చెప్పిన అర్థం సరియైనదేనా అన్నది బావ ప్రశ్న. దానికి ఆధారం ఆయన వద్ద లేదు, ఊహ మాత్రమే. “ఆ దొర తప్పు ఫిరంగి పేల్చడం కాదు బావా,” అనేవాడు. ఆయన నాకంటె పెద్దవాడైనా ముద్దు వచ్చినప్పుడు నన్నూ బావా అనే పిలిచేవాడు. “ఒక్కడే అర్తం సెప్తంతే, ఇంకొకడిని అడక్కపోడం. అదీ ఆడి తప్పు.”

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విని తల ఊపేవాణ్ణి.

నెల్లిమర్ల జనపనార మిల్లులో పనిచేసిన ఒక తెల్లదొర స్వదేశానికి మరలిపోతూ సామానంతా పంచిపెట్టినప్పుడు, బావ అడిగి తెచ్చుకొన్నది ఒక అట్టపెట్టె. అందులో గళ్ల పలక, రెండు సైన్యాలు. ఒకటి ఎరుపు, ఇంగ్లీషువారిది. ఒకటి నీలం, ఫ్రెంచివారిది. ప్రతి సైనికుడూ బొటనవేలంత అట్టముక్క. కింద రేకు పాదం. ముందువైపు బొమ్మా హోదా ఉంటాయి. వెనుకవైపు ఉత్త రంగే. పలకకు ఈ చివర నేను, ఆ చివర ఆయన. నా బంట్ల ముఖాలు నాకే కనబడతాయి. ఆయనకు వీపులే కనబడతాయి. ఒక బంటును ముందుకు నడిపి ఎదుటి బంటును తాకితే, అప్పుడు ఇద్దరమూ మా హోదాలు పైకి చెప్పాలి. తక్కువవాడు చచ్చి పెట్టెలోకి పోతాడు. శత్రువు జెండాను పట్టుకొన్నవాడిది గెలుపు. అన్నిటికంటె పెద్దవాడు సేనాపతి. ఫ్రెంచి సేనాపతి బొమ్మలో అతడు దుర్భిణిని కుడికంటికి ఆనించి ఎక్కడో దూరంగా చూస్తూ ఉంటాడు. అతనిని చంపగలవాడు ఒక్క గూఢచారి. ఆ గూఢచారి అందరికంటె బలహీనుడు, ఎవడు తాకినా చస్తాడు. సేనాపతి మాత్రం వాని చేతిలోనే చస్తాడు.

హోదాలు పరభాషలో ఉన్నాయని నేను ఒక ఆదివారమంతా కూర్చుని తెలుగు చీటీలు అతికించాను. సర్వసేనాధిపతి, మహాదండనాథుడు, ఉపదళపతి, గుల్మనాయకుడు, చారుడు. బావ ఒక్కొక్కదాన్ని ఎత్తి చదివి, పొట్ట పట్టుకొని నవ్వాడు.

“ఒసే, ఇలా రాయే! మీ తమ్ముడు సిపాయిలకి పేర్లెట్టినాడు. గుల్మనాయకుడంత! ఈడి పేరు పిలిసేలోగా ఆడు సచ్చి ఊరుకుంతాడు.”

అప్ప వంటింటిలోనుండి, “పేరు పెద్దదైతే మర్యాద పెద్దదండి,” అన్నది.

“మర్యాదా! ఫిరంగికి తెలుస్తాదేటి మర్యాద?” అని, ఆయన చారుని చీటీని గోటితో గీకేసి, దాని మీద పెన్సిలుతో ‘దుబాసీ’ అని వ్రాసుకొన్నాడు. నేను కోపగించుకొన్నాను. గూఢచారి వేరు, దుబాసీ వేరు అన్నాను. “సేనాపతిని సంపీవోడు దుబాసీయే,” అని ఆయన తీర్మానం.

బొబ్బిలివాడై ఉండీ ఆయన ఎప్పుడూ నీలం సైన్యాన్నే తీసుకొనేవాడు. ఆ దొర కుర్చీలో కూర్చుని చూస్తే గానీ అతని మనస్సు తెలియదట. అయితే ఆట మాత్రం ఆ దొర ఆడినట్లు ఆడేవాడు కాడు. సేనాపతిని జెండా పక్కన నిలిపి కదిపేవాడు కాడు. నా బంట్లు ఎదురుగా వచ్చి నిలిచినా తాకడు. “ముఖం తెలీనోడి మీద సెయ్యి ఎయ్యకూడదు బావా,” అని పక్కగడిలోకి తప్పుకొనేవాడు. తాకనివాడు గెలవడు. నాలుగేండ్లలో ఆయన గెలిచిన ఆటలు నాలుగో అయిదో. నేను ప్రతిసారీ ధైర్యంగా తాకి, గెలిచి, ఇంటికి వెళ్లేవాణ్ణి.

అరవయ్యో దశకం ముగియవచ్చిన ఒక ఫాల్గుణమాసంలో, బడి నుండి వచ్చి పెరటిలో కాళ్లు కడుగుకొంటూ బావ ఒరిగిపోయాడు. చెంబు చేతిలోనే ఉన్నదట. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. ముఖంలో కుడివైపంతా తడిసిన గోడలా జారింది. మాట పోయింది. వైద్యుడు వారం దినాలు వచ్చి సూదులు వేశాడు. తరువాత, “ఇక మందులతో చేయగలది తక్కువ. ఆయనతో మాట్లాడుతూ ఉండండి, మాట తిరిగి రావచ్చు,” అని చెప్పి, రాకపోకలు తగ్గించాడు. ఆ ‘రావచ్చు’ను మేము ‘వస్తుంది’గా విన్నాము.

ముఖం జారినప్పుడు కుడికంటి కిందిరెప్ప కూడా జారింది. పైరెప్ప పూర్తిగా వాలేది కాదు. నిద్రలో కూడా ఆ కన్ను సగం తెరచియే ఉండేది. చూడవచ్చిన బంధువులు, “కుందేటి నిద్ర” అని జాలిపడ్డారు. అంత పెద్ద శరీరం పడిపోయిన చోట రెప్ప ఒక్కదానిని ఎవరు పట్టించుకొంటారు? నేను పట్టించుకోలేదు.

పదవనాటి ఉదయం ఆయన నోట మొదటి మాట వెలువడింది. అప్ప నన్ను పిలవనంపితే పరుగెత్తుకొని వెళ్లాను. మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. నన్ను చూసి, ఎడమవైపు పెదవిని మాత్రం కష్టంగా కదిలించి, “మూ... సే,” అన్నాడు.

అప్ప వెంటనే లేచి రెండు కిటికీలూ మూసింది. గది చీకటయింది. ఆయన మళ్లీ, “మూసే,” అన్నాడు. వీధి తలుపు మూసింది. మళ్లీ “మూసే.” పెరటి తలుపూ మూసింది. ఇక మూయడానికి ఏమీ మిగలలేదు. ఆయన అంటూనే ఉన్నాడు. ఎడమచేతిని మెల్లగా పైకెత్తి, పిడికిలి సగం ముడిచి, కుడికంటి దగ్గరకు తీసుకొనిపోయి అక్కడ ఆపాడు.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందాన్ని తలచుకొంటే ఈనాటికీ నన్ను నేను క్షమించుకోలేను. ముడిచిన పిడికిలి కంటికి ఆనించినవాడెవడు? దుర్భిణి పట్టిన సేనాపతి! మూసే ఎవరు? మూసే దొర!

“అప్పా, బావ అడుగుతున్నది తలుపు గురించి కాదు. ఆట గురించి!” అన్నాను.

“ఏటి ఆటరా? మూసీమంతన్నారు. ఇనపడతన్నాది గదా.”

అప్పుడు నేను ఆమెకు వ్యాకరణం చెప్పాను. చెప్పానని వ్రాయడానికి సిగ్గవుతున్నది, అయినా చెప్పాను. “సూడప్పా, మన వైపు తలుపు ముయ్యమంతే ఏటంతాం? మూసీ అంతాం. సివర ఈకారం. బావ నోట వచ్చింది ఏకారం. మూసే. ఈ కాదు, ఏ. ఇది ముయ్యడం కాదు, మూసే దొర.”

అప్ప కాసేపు ఆయన ముఖం వంక చూసింది. “ఏమో తమ్ముడా. నాకు ఈలూ ఏలూ తెలవ్వు. నా సెవికి మూసీమన్నట్టే ఉన్నాది,” అన్నది. ఆమె చదువుకోలేదు. నేను చదువుకొన్నాను. ఆ ఇంటిలో మాటకు అర్థం చెప్పడంలో నా పలుకుకు ఎదురు లేదు. ఆమె మూసిన కిటికీలు రెండింటినీ నేనే లేచి తెరిచాను. మనిషికి గాలీ వెలుతురూ కావాలన్నాను.

ఆనాటి నుండి ప్రతి సాయంకాలమూ బడి విడిచిన వెంటనే వెళ్లి, మంచం మీద పీట వేసి, దాని మీద గళ్ల పలక పరిచేవాణ్ణి. నీలం సైన్యాన్ని ఆయన వైపు, ఎర్ర సైన్యాన్ని నా వైపు నిలిపేవాణ్ణి. ఆయన ఎడమచేయి ఎటు తగిలితే అటు ఎత్తు వేసినట్లు భావించి, రెండు వైపులా నేనే నడిపేవాణ్ణి. నడుపుతూ ఫ్రెంచి సేనానుల కథలన్నీ తిరిగి ఆయనకే చెప్పేవాణ్ణి. చక్రవర్తి మంచులో సైన్యాన్ని పోగొట్టుకొన్న కథ చెప్పాను. చందుర్తి చెప్పాను. తల నరికించుకొన్న దొరను గురించి చెప్పాను. ఆయన వ్రాతప్రతిని తెచ్చి, దుబాసీ ప్రకరణాన్ని పైకి చదివి వినిపించాను.

చదువుతుండగా ఆయన కుడికంటి నుండి నీరు కారింది. చెంప మీదుగా ధారకట్టి దిండు తడిసింది. “అప్పా, ఇలా రా, సూడు. తన రాత తాను గుర్తుపట్టినాడు. ఏడుస్తన్నాడు,” అన్నాను. అప్ప వచ్చి పమిట చెంగుతో తుడిచింది. ఆ కన్ను ఒక్కటే ఎందుకు ఏడుస్తున్నదని మేమిద్దరమూ అడగలేదు. తుడిచినకొద్దీ కారింది. ఎడమకన్ను పొడిగా, నిలకడగా నా వంకే చూస్తూ ఉండినది.

“మూసే,” అన్నాడు.

“అవును బావా, మూసే దొరే,” అన్నాను.

ఉగాది వెళ్లింది. ఎండలు ముదిరాయి. పడమటి వడగాలి కిటికీలలో నుండి నేరుగా మంచం మీదికి వీచేది. లారీల ధూళి సరేసరి. కన్ను ఎర్రబడింది. వేసవిలో కళ్లకలక సహజమేనని పన్నీటి చుక్కలు వేయించాను. ఒకనాడు నేను ఫ్రెంచి సేనాపతి బంటును ఆయన ఎడమచేతిలో పెట్టి వేళ్లు ముడిచాను. ఆయన కొంతసేపు దానిని పట్టుకొని, శక్తి అంతా కూడగట్టుకొని విసిరికొట్టాడు. అది గోడకు తగిలి బియ్యపు డబ్బా వెనుక పడింది. దానికీ నేను అర్థం చెప్పాను. జెండా పక్కనుండి ఎన్నడూ కదలని సేనాపతిని ఇన్నాళ్లకు కదిలించాడనీ, అది ఒక ఎత్తు అనీ, బుద్ధి స్వాధీనమవుతున్నదనడానికి గుర్తు అనీ అప్పకు వివరించాను. ఆమె వంగి డబ్బా వెనుక నుండి బంటును తీసి, బూజు దులిపి, నా చేతికిచ్చింది. 

ఏప్రిల్ నెలాఖరున, ఆనాడు ఫ్రాన్సు దేశాన్ని ఏలుతున్న వృద్ధ సేనాని పదవిని వదిలి వెళ్లిపోయినట్లు రేడియోలో వార్త వచ్చింది. ఎదురింటివారి రేడియోలో విన్నాను. పెద్ద యుద్ధంలో ఓడిన దేశాన్ని పరాయిగడ్డ మీద నుండి నిలబెట్టినవాడాయన; ప్రజలు తన మాటను కాదన్నారని తెలిసి, ఒక్క రోజులో లేచి వెళ్లాడు. అది చెబితే బావకు ఆసక్తి కలుగుతుందని పరుగున వచ్చి చెప్పాను. “ఫ్రెంచి సేనాని దిగిపోయినాడు బావా!” అన్నాను. ఆయన పిడికిలి మళ్లీ కంటి దగ్గరకు పోయింది. ఈసారి పిడికిలితో కంటిని నొక్కుకొన్నాడు, రుద్దుకొన్నాడు. గొంతులో నుండి మూలుగు వచ్చింది. నేను ఆయన చేతిని పట్టుకొని కిందికి దించాను. రుద్దితే కలక ముదురుతుందని.

“మూసే. మూసే. మూసే.”

అంత వేగంగా ఆ మాటను ఆయన అంతకుముందు అనలేదు. మాట తిరిగి వస్తున్నదన్నాను.

వైశాఖంలో నెల్లిమర్లవారు వానల కోసం తొమ్మిది దినాలు పురాణం చెప్పమని నన్ను పిలిచారు. వెళ్లాను. పద్యం చదివి, పదచ్ఛేదం చేసి, అర్థం చెప్పి, తాత్పర్యం చెప్పాను. మొదటినాడే ఒక పెద్దమనిషి సభలో లేచి, “అర్తం సెప్పడంలో తవరి తరవాతేనండి,” అన్నాడు. సంతోషించాను. శాలువా కప్పారు. వాన రాలేదు.

పదవనాడు తిరిగివచ్చి, శాలువాతోనే సాలూరు బాటకు వెళ్లాను. వీధి గది కిటికీలు మూసి ఉన్నాయి. లోపల బావ మంచం మీద నిశ్శబ్దంగా పడుకొని ఉన్నాడు. ఆయన కుడికంటి మీద తడిపి మడిచిన మెత్తని పాతగుడ్డ, దానిని నిలిపి ఉంచుతూ తలచుట్టూ ఒక పట్టీ. అప్ప పక్కన కూర్చుని విసురుతున్నది.

“ఏటైంది?” అన్నాను.

“మూసీసినాను,” అన్నది అప్ప. “నువ్వెల్లిన మూడో రోజు. మద్దేనం నాను పక్కన పడుకోని సూస్తన్నాను. ఈగొచ్చి ఆ కంటి మీద కూకున్నాది. రెప్ప ఆడలేదు. ఈగ అక్కడే నడుస్తన్నాది, నల్లగుడ్డు మీద. మూసే అన్నారు. అప్పుడు తెలిసినాది నాకు. సేత్తోటి రెప్ప కిందికి లాగి పట్టుకున్నాను. ఊరుకున్నారు. పట్టుకున్నంతసేపూ ఊరుకున్నారు. వదిలితే మళ్లీ అన్నారు. గుడ్డ కట్టీసినాను. మరనలేదు.”

నేను గుడ్డ ఎత్తి చూశాను. నల్లగుడ్డు మీద సున్నపు పొరలాంటి తెల్లదనం పరచుకొని ఉన్నది.

విశాఖపట్నం తీసుకొనిపోయాము. కంటివైద్యుడు నెమ్మదస్తుడు. దీపం వేసి చాలాసేపు చూశాడు. రెప్ప మూతపడని కన్ను ఎండిపోతుంది, గాలికీ ధూళికీ పుండు పడుతుంది, మొదటినుండీ కప్పి ఉంచితే నిలిచేది అన్నాడు. ఇక చూపు రాదు. నొప్పి తగ్గడానికి రెప్పలు రెండూ కలిపి కుట్టివేస్తాను అన్నాడు. తరువాత, మామూలుగా అడిగినట్లే అడిగాడు:

“ఇంత నొప్పి ఉండి ఉండాలే. ఆయన ఎప్పుడూ చెప్పలేదా?”

అప్ప నా వైపు చూడలేదు. “సెప్పినారు బాబూ,” అన్నది.

వైద్యుడు ముఖపు నరాలను పరీక్షించడానికి బావ ఎదుట కూర్చుని, పళ్లు కనబడేటట్లు ‘ఈ’ అనమన్నాడు. తాను అని చూపించాడు. బావ ప్రయత్నించాడు. ఎడమవైపు పెదవి కదిలింది. కుడివైపు పెదవి సాగలేదు. సగం నోరు తెరుచుకొని అలాగే ఉండిపోయింది. ఆ నోట వెలువడిన శబ్దం ‘ఏ’. ఇంకొకసారి అనమన్నాడు. ‘ఏ’. పెదవి సాగనిదే ఈకారం పలకదు. ఏ అక్షరం నోటిలో ఎక్కడ పుడుతుందో ఏటేటా పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేను. పలికే నోరు సగం చచ్చిపోయి ఉన్నదన్న సంగతి మాత్రం నా వ్యాకరణంలో చేరలేదు.

తిరుగుబండిలో అప్ప ఒకే ఒక్క మాట అన్నది. కోపంగా అన్నా బాగుండును. కిటికీలో నుండి బయటికి చూస్తూ, నాకు చెబుతున్నట్లు కూడా కాక అన్నది: “నానూ మూసీ అనే అన్నాను తమ్ముడా. నువ్వు కాదన్నావు.”

కన్ను కుట్టిన తరువాత బావ ఆ మాటను మరి పలకలేదు. వేరొక మాట రాలేదు. అడగవలసిన దానిని అడగడానికే ఆ రెండక్షరాలు ఆయన వద్ద మిగిలాయి కాబోలు. అది తీరిన తరువాత వాటితో పని లేకపోయింది. మాట్లాడుతూ ఉండండి అన్న వైద్యుని సలహా ఇంకా అమలులో ఉన్నట్లే నేను సాయంకాలాలు వెళ్లేవాణ్ణి. వెళ్లి ఊరక కూర్చునేవాణ్ణి. ఏ కథ మొదలుపెట్టినా దానిలో ఒక దుబాసీ ఉండేవాడు. ఆ ఒక్క మాటను, తప్పుగానైనా, ఇంకొకసారి ఆయన నోట వినాలని దేవుణ్ణి అడిగాను. ఏ దేవుడు వింటాడు? వినడానికి నాకు ఏబది దినాలు ఇచ్చాడు కదా.

ఆయన మరి రెండేండ్లు బ్రతికాడు. గ్రంథం అచ్చు కాలేదు. చివరి ప్రకరణంలో కోటవారి కబురుకు అసలు అర్థమేమిటి అని ప్రశ్న వేసుకొని, కింద అరపేజీ ఖాళీగా వదిలాడు. పూర్తిచేసి అచ్చు వేయించమని ఆయన పాఠశాలవారు నన్ను అడిగారు. ఆ కాగితాల మీద చేయి వేసే అర్హత నాకు లేదన్నాను. వినయమనుకొన్నారు.

ఆట పెట్టెను నేను తీయలేదు. ఆయన పోవడానికి కొన్ని నెలల ముందు, ఒక సాయంకాలం, అప్ప అటకమీద ఏదో వెతుకుతూ దానిని దించి మంచం పక్కన పెట్టి వంటింటిలోకి వెళ్లింది. మూత కొంచెం తొలగి ఉన్నది. బావ ఎడమచేయి చాచి, లోపల తడిమి, ఒక బంటును పైకి తీశాడు. దుప్పటి మీద నిలబెట్టాడు. ముఖం తన వైపు, వీపు నా వైపు. నీలంరంగు మాత్రమే నాకు కనబడింది. సేనాపతియో, దుబాసీయో, మరెవ్వడో తెలియలేదు. ఆట నియమం ప్రకారం తాకితే గానీ తెలియదు. నేను తాకలేదు.

ఆయన మిగిలిన ఒంటికంటితో నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత ఎడమచేయి పైకి లేచింది. గాలిలో కొంచెం ఆడి, ఎటో చూపినట్లయింది. నన్ను పొమ్మనడమో, దగ్గరకు రమ్మనడమో, నీళ్లు అడగడమో. నా నోటి చివరిదాకా ఒక అర్థం వచ్చింది. దానిని మింగివేసి, లేచి, వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్లాను.

“అప్పా,” అన్నాను, “బావ ఏటో అడుగుతన్నాడు. నువ్వు రా. నువ్వే సూడు.”